ముంజేతి మీద లేని సున్నా

సిస్టర్,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. మన దవాఖానాలో ట్రైనింగ్ పిల్లల వెనక మీరు నిలబడే చోట ఇప్పుడు నేను నిలబడుతున్నాను.

పొద్దున చింతూరు అడవి నుంచి కాలికి గొడ్డలి దెబ్బతో ఒకావిడను తెచ్చారు. నర్సింగ్ రెండో ఏడాది చదివే సరోజ గాజు సిరంజిలో పెన్సిలిన్ నింపుకుని ఆవిడ మీదికి వంగింది.

"టెస్ట్ డోస్ వేసినవా?"

"వేసిన సిస్టర్."

ఆవిడ ముంజేయి తిప్పి చూశాను. టెస్ట్ వేసిన చోట మనం పెన్నుతో చుట్టే సున్నా లేదు. సిరంజి లాక్కున్నాను. ఆ మందు ఒంటికి పడకపోతే నిమిషాల్లో ప్రాణం పోతుంది. నా ట్రైనింగులో మీతో నేను చెప్పిందీ ఇదే అబద్ధం.

సరోజ ఏడుపు మొదలుపెట్టింది. "పెద్ద డాక్టర్‌కు చెప్తరా సిస్టర్?"

"ఏడుపు తర్వాత. ముందుగాల టెస్ట్ వెయ్యి. నేనిక్కడనే ఉంట."

అరగంట ఆ పిల్ల వెనకే నిలబడ్డాను. సున్నా లోపల ఎర్రబడలేదు, వాపు రాలేదు. అయినా నా చేతుల వణుకు తగ్గలేదు. సరోజకు కనబడకుండా వాటిని వెనక్కి కట్టుకున్నాను.

ఆ రోజు నా వెనక మీరూ అలాగే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. పొగరు అనుకున్నాను సిస్టర్.