నా వాటా వాక్యం

ప్రియమైన నా ఇంటిదానికి,

నువ్వు బస్సెక్కి వెళ్ళాక ఇల్లు బాగానే ఉంది. నేనూ బాగానే ఉన్నాను. గిన్నె ఒకటి మాడింది, అంతే. అమ్మాయి ఎలా ఉంది? కాళ్ళ వాపు తగ్గిందా? కాన్పు దగ్గర పడింది కదా, అల్లుడు పని అవగానే ఇంటికొస్తున్నాడా, దారిలో నిలబడి కబుర్లు చెబుతున్నాడా?

ఫోను ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వకు. ఫోనులో అయితే మధ్యలో అడ్డుపడతావు. ఉత్తరంలో నా మాట చివరిదాకా వినక నీకు తప్పదు. నా రాత సంగతి తెలుసుగా, రాళ్ళ మీద పేర్లు చెక్కీ చెక్కీ నేర్చుకున్న అక్షరాలు. ఒక్కోదానికి ఊపిరి బిగపట్టాలి. కాబట్టి జాగ్రత్తగా చదువు.

ఇప్పుడు అసలు సంగతి. నేను ఇక చర్చిలో అడుగు పెట్టను.

ఆదివారం మన కుర్ర పాస్టరు విత్తనాలు చల్లినవాడి కథ ఎత్తుకున్నాడు. కొన్ని దారి మీద పడితే పిట్టలు తినేశాయి అన్నాడు. బాగుంది, అది దర్జీకి. వాడికి ఏం చెప్పినా గుమ్మం దాటేలోగా మర్చిపోతాడు. నేను మన చివరి బల్ల మీద హాయిగా చేరబడి వింటున్నాను. అంతలో రాతి నేల అన్నాడు. అంటూ తల ఎత్తి సూటిగా నా వైపు చూశాడు! పైన పలచగా మన్ను, కింద బండ, వేరు దిగదు అన్నాడు. కొందరు దేవుని వాక్యం వింటూ సంతోషంగా తల ఊపుతారు, కాస్త ఎండ తగిలితే మాడిపోతారు అన్నాడు. ముందు వరసలవాళ్ళు వెనక్కి తిరిగి నన్నే చూశారు. మన చర్చిలో రాతిపనివాణ్ణి నేనొక్కణ్ణే కదా.

లేచి వచ్చేశాను. తర్వాత ముళ్ళ గురించి, డబ్బు మీద ఆశ ముళ్ళలా మొలకని నొక్కేస్తుందని చెప్పాడట. అది వినక్కర్లేదు, అది కొట్టాయనకి.

చర్చి గుమ్మంలో అరిగిపోయిన గడప రాయిని నేను పెకలించడం నువ్వు చూశావు. కొత్తది చెక్కడం అయిపోయింది, మన పెరట్లో ఉంది. అక్కడే ఉంటుంది. గుమ్మంలో గొయ్యి మీద చెక్క వేసుకుని నడుస్తున్నారు. నడవనీ. ఆ కుర్రాడు వచ్చి క్షమించమని అడిగేదాకా రాయీ కదలదు, నేనూ కదలను.

ఇట్లు,
తల తిరిగినా మాట తిరగని నీ భర్త

⁂

ప్రియమైన మావారికి,

మీ ఉత్తరం చదివి నేను నవ్వుతుంటే పక్కగదిలోంచి అమ్మాయి లేచి వచ్చింది. చదివి వినిపించాను. కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత కూర్చుని ఏడ్చింది.

అది పెరిగిన చర్చిలోనే బిడ్డను దేవునికి ప్రతిష్ఠించాలని దాని ఆశ. ప్రార్థన చేసేటప్పుడు బిడ్డ మీ చేతుల్లో ఉండాలట. "నాన్న రోడ్డు మీద నిలబడితే నేను లోపల ఎలా నిలబడతానమ్మా? ఆయన రానంటే అక్కడికి వద్దు, ఇక్కడే కానిచ్చేస్తాం" అంటోంది. దాని మొండితనం ఎవరి దగ్గర నేర్చిందో నేను చెప్పను.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. తెచ్చుకుంటారు, అయినా అడుగుతాను. పెళ్ళయినప్పటి నుంచీ చర్చిలో మీ పక్కనే కూర్చుంటున్నాను. అబద్ధాల గురించి చెబితే మోచేత్తో నన్ను పొడిచి "ఇది దర్జీకి" అంటారు. పిసినారితనం గురించి చెబితే "కొట్టాయనకి తగిలింది, చూడు చూడు" అంటారు. కోపం గురించి చెప్పిన రోజున ఏమన్నారో గుర్తుందా? "ఇది మీ అన్నయ్యకి" అన్నారు. మీకు గుర్తు లేకపోయినా నా పక్కటెముకలకు గుర్తుంది. వచ్చిన వాక్యాన్ని వచ్చినట్టే ఊరందరికీ పంచిపెట్టారు, ఇంటికి పిసరంత తెచ్చుకోలేదు. ఇప్పుడు మీ వాటా మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తే తలుపేసుకుంటారా?

పొద్దున్నే మీరు ఉలులు నూరుకుంటుంటే నేను బైబిలు చదివేదాన్ని. ఇప్పుడు ఎవరు చదువుతున్నారు? పుస్తకం కిటికీ దగ్గర బల్ల మీద ఉంది. తెరవండి.

ఇట్లు,
మీ పక్కన లేకపోయినా మీ పక్షానే ఉన్న
మీ భార్య

⁂

ప్రియమైన దానా, అని రాయాలి కాబట్టి రాస్తున్నాను,

నువ్వూ వాళ్ళలో కలిశావన్నమాట. పొడిచానన్నావు. నువ్వు నిద్రపోకుండా లేపాను. మంచికి పోతే ఇదీ ఫలం.

పాస్టరు ఇంటికొచ్చాడు. క్షమాపణ చెబుతాడేమోనని సుత్తి ఆపాను. "పెద్దాయనా, కనబడటం లేదు, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు, ఏమీ ఎరగనట్టు! "ఒళ్ళు బండలా ఉంది" అన్నాను. పొడిచినట్టే అన్నాను. "దేవునికి స్తోత్రం" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు. అంత చదువు చదివి ఎత్తిపొడుపు కూడా అర్థం కాకపోతే ఏం లాభం?

పాటల టీచరు చెప్పు గోతిలో పడిందట. ఒంటి చెప్పుతో నిలబడి పాట పాడించిందట. సాయంత్రం దర్జీ వచ్చి గోడ మీద నుంచి తొంగి చూశాడు.

"ఏరా, నీ కోపం ఎంత లోతుందో చెప్పు, నిచ్చెన తెస్తాం."

"ముందు నువ్వు కుట్టిన నా చొక్కాకి రెండు చేతులూ సమానం చెయ్యి, తర్వాత మాట్లాడదాం" అన్నాను.

"చేతులు సమానంగానే కుట్టాను. నీ భుజాలే వంకర" అని పారిపోయాడు.

పుస్తకం తెరుస్తాను. నువ్వు చెప్పావని కాదు. రాతి నేల గురించి అందులో నిజంగా ఏముందో నా కళ్ళతో నేనే చూస్తాను. ఆ కుర్రాడు సొంతంగా అతికించాడని తేలితే, ఆ పేజీ పట్టుకెళ్ళి ఆయన ముక్కు ముందు పెడతాను. ఏ వైపు ఉంటుంది ఆ కథ? నువ్వు చెప్పక్కర్లేదు. మొదటి నుంచి వెతుక్కుంటాను.

ఇట్లు,
సాక్ష్యం వెతుకుతున్న నీ భర్త

⁂

ప్రియమైన మావారికి,

మనవరాలు పుట్టిందని అల్లుడు ఫోను చేస్తే "ఊఁ, సంతోషం" అని పెట్టేశారట. ఆ తర్వాత ఉత్తరం లేదు, పలుకు లేదు. "ఆడపిల్లని మామయ్య చిన్నబుచ్చుకున్నారా?" అని పాపం అల్లుడు నన్ను మెల్లగా అడిగాడు. "కాదు బాబూ, గొంతు పూడుకుపోయి ఉంటుంది. అలాంటప్పుడే ఆయన ఫోను పెట్టేస్తారు" అన్నాను. నిజమేనా?

తల్లీ బిడ్డా క్షేమం. దేవుడు చాలా మంచివాడండీ. పాపకి జుట్టు ఒత్తుగా ఉంది. పిడికిళ్ళు ఎంత గట్టిగా బిగిస్తుందంటే, విప్పి తుడవాలంటే నాకూ నర్సుకీ ఇద్దరికీ పని.

ఒక సంగతి దాచకుండా రాస్తున్నాను. ఇక్కడి పాస్టరు గారితో మాట్లాడి వస్తానని అల్లుడు అంటున్నాడు. ఆయన రోజు ఖాయం చేశారంటే ప్రతిష్ఠ ఇక్కడే జరిగిపోతుంది. అమ్మాయి ఏమీ అనడం లేదు. పోస్టుమేన్ వచ్చే వేళకి మాత్రం కిటికీ దగ్గర కూర్చుంటోంది.

ఇట్లు,
మీ భార్య, ఇప్పుడు అమ్మమ్మ కూడా

⁂

ప్రియమైన అమ్మమ్మకి,

రాయకపోవడానికి కారణం, చదువుతున్నాను.

ముందు నీ ప్రశ్నకి జవాబు. నిజమే. అల్లుడికి చెప్పు. పూర్తిగా చెప్పకు, కాస్త చెప్పు.

రాతి నేల పుస్తకంలో ఉంది. పాస్టరు అతికించలేదు. ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. అది తేలగానే పుస్తకం మూసేద్దామనుకున్నాను. మూయలేదు.

నువ్వు చదివేటప్పుడు మాటలు చల్లగాలిలా వచ్చి పోయేవి. హాయిగా ఉండేది, ఏదీ నిలిచేది కాదు. నేను చదివితే అలా పోవు. ఒక్కో మాటని వేలుపెట్టి ఎత్తాలి, పక్కదాని పక్కన కూర్చోబెట్టాలి. ఒక వాక్యం పూర్తయ్యేసరికి టీ చల్లారిపోతుంది. పనివాళ్ళు వచ్చి తలుపు కొడుతున్నారు, వాళ్ళనీ కూర్చోబెట్టి చదువుతున్నాను. వాళ్ళకి నా చదువు నచ్చింది. ఆ కాసేపూ పని ఉండదు కదా.

ఒక పొద్దున ఎవరూ లేరు. నీ తోటివాడి కంట్లో నలుసు చూస్తావు, నీ కంట్లో దూలం చూసుకోవు అనే చోటికి వచ్చాను. "ఆహా, ఇది దర్జీకి!" అని మోచెయ్యి లేపాను. గోడకి కొట్టుకుంది. తోలు లేచింది. చుట్టూ చూస్తే నువ్వు లేవు, దర్జీ లేడు, మీ అన్నయ్య లేడు. నేనూ పుస్తకమూ ఉన్నాం. నాకు నవ్వాగలేదు. ఒక్కణ్ణే కూర్చుని పగలబడి నవ్వాను. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటుంటే, అది నవ్వు కాదని తెలిసింది.

ఇప్పుడు నువ్వు వెంటనే జవాబు రాయవలసిన సంగతి. ఇల్లు విడిచిపోయిన కొడుకు కథ నువ్వు చాలాసార్లు చదివావు. వాడు తిరిగి రాగానే తండ్రి వాటేసుకుంటాడు. అక్కడితో అయిపోయిందని నేను పనిలోకి లేచేవాణ్ణి. వాడికో అన్న ఉన్నాడని నాకు చెప్పావా? చెప్పే ఉంటావు. ఆ అన్న ఒళ్ళు వంచి పనిచేసి పొలం నుంచి వచ్చాడు. ఇంట్లో పాటలు, సందడి. వాడికి ఒళ్ళు మండింది. నేను లోపలికి రాను పొమ్మని బయటే నిలబడ్డాడు. తండ్రి అంతమందినీ వదిలి బయటికొచ్చి వాణ్ణి బతిమాలుతున్నాడు. ఆయనే వచ్చాడే! రమ్మని ఎవరినో పంపించి ఊరుకోలేదు.

అంతే. అక్కడ ఆగిపోయింది. పేజీ తిప్పితే వేరే కథ. ఆ పెద్దవాడు లోపలికి వెళ్ళాడా, లేదా? నువ్వు చదువుకున్నదానివి, నీకు తెలిసి ఉంటుంది. ఉలి పట్టుకుంటే వాడే గుర్తొస్తున్నాడు. పని సాగడం లేదు.

అల్లుణ్ణి ఎవరితోనూ మాట్లాడొద్దను. ఇప్పుడప్పుడే.

ఇట్లు,
నీ భర్త

⁂

ప్రియమైన మావారికి,

అది రాయలేదండీ. మీ ఉత్తరం వచ్చాక నేనూ మళ్ళీ తీసి చూశాను. తండ్రి బతిమాలడంతోనే కథ ఆగిపోయింది. ఆ పెద్దకొడుకు ఏమన్నాడో ఎక్కడా లేదు. ఎన్నోసార్లు చదివాను గానీ, ఏమయ్యాడా అని ఒక్కసారీ కంగారుపడలేదు. మీరు పడ్డారు. నాకు చాలా సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ సంతోషమేసింది.

నాకు తోచింది చెబుతాను. చదివేవాళ్ళే జవాబు చెప్పుకోవాలని అలా వదిలేసి ఉంటారు.

అల్లుణ్ణి ఆపాను. మీ మాట కోసం చూస్తాడు.

ఇట్లు,
మీ భార్య

⁂

ప్రియమైన నా ఇంటిదానికి,

రండి. అందరూ రండి. ఇక్కడే ప్రతిష్ఠ. అల్లుడితో ఖచ్చితంగా చెప్పు.

నీ ఉత్తరం చదివి లేచాను. రాయిని బండికెత్తడానికి దర్జీని పిలిచాను, కొట్టాయన పిలవకుండానే వచ్చాడు. కొట్టు వదిలేసి వచ్చాడు! రాయి బరువుకి దర్జీ మూలుగుతుంటే "సూది కాదురా ఇది" అన్నాను. "ఇన్నాళ్ళూ నిన్ను మోస్తున్నాం, దీని బరువెంత!" అన్నాడు. చర్చి దగ్గర పాస్టరు చొక్కా చేతులు మడిచి గునపం అందుకున్నాడు, తన కాలి మీదే వేసుకున్నాడు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టి మేమే కానిచ్చాం. రాయి గూట్లో కూర్చున్నట్టు కూర్చుంది.

వాళ్ళిద్దరూ టీకి వెళ్ళారు. నేను గుమ్మం బయటే ఆగాను. అడగకుండా లోపలికి వెళ్ళలేకపోయాను.

"బాబూ, ఆ రోజు రాతి నేల అన్నావే. నన్నే కదా?"

ఆయన కాలు రుద్దుకోవడం ఆపేశాడు. "మిమ్మల్నా? అయ్యో, లేదండీ!"

"సూటిగా నా మొహంలోకి చూశావు."

"మీ తల పైన గోడ గడియారం ఉందండీ. ప్రసంగం ఎక్కువైందేమోనని టైము చూసుకున్నాను." మెల్లగా అన్నాడు, "నిజం చెప్పాలంటే అది నా గురించి, పెద్దాయనా. అందరికీ చెప్పడానికే చదువుతున్నాను, నాలోకి మాత్రం ఏదీ దిగడం లేదనిపించింది ఆ వారం. నాకు నేనే చెప్పుకున్నాను."

నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. నాది కాదట! మోచెయ్యి గోడకి కొట్టుకుని సంపాదించుకున్నాను, తీరా చూస్తే నాది కాదట!

"అదేం కుదరదు" అన్నాను. "అది నాకే వచ్చింది. ఇన్నేళ్ళకి ఒక్కటి నా చేతికి అందింది. నువ్వు చదువుకున్నవాడివి, నీకు పుస్తకం నిండా ఉన్నాయి, ఇంకోటి చూసుకో."

నవ్వు ఆపుకోలేక కాలు పట్టుకుని గోడకి ఆనుకున్నాడు. "ఇద్దరం చెరి సగం తీసుకుందామండీ?"

"పంచడం మానేశాను" అని ఆయన కంటే ముందు లోపలికి వెళ్ళాను.

ఆదివారం నోటి దురుసు గురించి చెప్పాడు. ఈసారి గడియారం వైపు కూడా చూడలేదు, అయినా ప్రతి మాటా వచ్చి నాలోనే దిగింది. నొప్పిగానే ఉంది, బాగానే ఉంది. పాటల్లో నా గొంతే అందరి కంటే పైన ఉందని పాటల టీచరు అంది. మెచ్చుకుందో తిట్టిందో తెలీదు. మెచ్చుకుందనే అనుకున్నాను.

నువ్వు వచ్చాక పొద్దున పూట పుస్తకం నాది. పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చో, నేను చదువుతాను. నెమ్మదిగా చదువుతాను, తొందరపెట్టకు. మధ్యలో ఆగిపోతే మాట అందలేదనుకుని అందించకు. అందింది కాబట్టే ఆగి ఉంటాను.

ఇట్లు,
నీ రాక కోసం ఎదురుచూసే
నీ భర్త