వచ్చిన కాదు, వచ్చాను

ఆగస్టు 31, శనివారం

ఇవాళ ప్రహ్లాద్ వచ్చాడు. అమ్మ దగ్గర తెలుగు చదువుకున్నవాడు. ఇప్పుడు యాకుత్‌పురా స్టేషన్ దగ్గర ఫ్లెక్సీ షాపు. టీచర్స్ డే నాడు పాత స్టూడెంట్లంతా కలిసి నీలమ్మ టీచర్‌కు సన్మానం చేస్తారట. అమ్మ ముఖం మతాబులా వెలిగింది. ఆ ముఖం నాకెప్పుడూ చూపించలేదు.

పోతూ పోతూ, మస్తు లక్కీ అక్కా నువ్వు, ఇంట్లనే టీచరమ్మ, అన్నాడు. లక్కీ! నా ఖర్మ అనలేక నవ్వాను.

సెప్టెంబర్ 5

ఉప్పుగూడ ఫంక్షన్ హాలు. స్టేజీ వెనుక పెద్ద ఫ్లెక్సీ. 'మా టీచర్, మా అమ్మ.' ప్రహ్లాద్ మైకు పట్టుకుని, టీచరమ్మ మమ్మల్ని ఒక్క దెబ్బ కొట్టలె, మేం ఎట్ల మాట్లాడినా నవ్వి ఊకునేది, అన్నాడు. చప్పట్లే చప్పట్లు.

నేను నా వేళ్లు చూసుకుంటూ కూర్చున్నాను. మూడో క్లాసులో ఉన్నప్పుడు బడి నుంచి వచ్చి, అమ్మా నేనొచ్చిన, అన్నాను. వచ్చిన కాదు, వచ్చాను, అంది. వేళ్ల మీద స్కేలు. గేటు దాకా పోయి మళ్లీ లోపలికి వచ్చి సరిగ్గా చెప్పాలి. చెప్పేదాకా అన్నం లేదు. ఒక్కరోజు కాదు, ఏళ్ల తరబడి.

ఈ డైరీ కూడా ఆమె దిద్దిన తెలుగులోనే రాస్తున్నాను. ఏం చేయను, చేతికి అలా అలవాటైపోయింది.

సెప్టెంబర్ 6

అమ్మను అడిగేశాను. వాళ్లనెందుకు కొట్టలేదు, నన్నెందుకు కొట్టావు అని. తన ఉద్యోగం ఇంటర్వ్యూలో 'చదివిన' అన్నందుకు సార్లంతా పగలబడి నవ్వారట. నిన్ను చూసి ఎవరూ నవ్వకూడదని, అంది.

నిజమే. ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

సెప్టెంబర్ 15, ఆదివారం

నా బిడ్డ సాయిప్రియ హాస్టల్ నుంచి వచ్చింది. గేటు దగ్గరే, అమ్మమ్మా నేనొచ్చిన, అని అరిచింది. అమ్మ ఏమంది? వచ్చినవా నా బంగారూ, ఆకలైతున్నదా బిడ్డా, అంది. అమ్మ నోట ఆ మాట! పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నేను వినలేదు. మాదన్నపేట మార్కెట్ నుంచి నేను మోసుకొచ్చిన వంకాయలు వేయించి, పచ్చిపులుసన్నం కలిపి దానికి ముద్దలు పెట్టింది.

నేను వంటింట్లో గిన్నెలు ఎత్తి పడేశాను. ఏందమ్మా లొల్లి, అని సాయిప్రియ అడిగింది. ఏం లేదన్నాను. కన్నబిడ్డను చూసి కుళ్లుకుంటున్నాను. సిగ్గులేని దాన్ని.

సెప్టెంబర్ 24

అమ్మకు స్ట్రోక్. కుడిచెయ్యి పడిపోయింది. అయ్యో కంటే ముందు, స్కేలు పట్టిన చెయ్యి కదా, అనిపించింది.

అక్టోబర్ 2

డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇక చేసేదేం లేదట. అమ్మ ఎవరినీ గుర్తుపట్టడం లేదు. ఒళ్లు తుడుస్తున్నాను, బట్టలు మారుస్తున్నాను, గంజి తాగిస్తున్నాను. ప్రహ్లాద్ రోజూ ఫోన్ చేసి, ఫికర్ జెయ్యకక్కా, అంటాడు.

నాక్కావాల్సింది ఒక్కటే. పోయేలోపు ఒక్కసారి నన్ను బిడ్డా అని పిలవాలి. సాయిప్రియను పిలిచినట్టు. కరెంటు ఆఫీసు కౌంటర్లో పొద్దంతా జనంతో కొట్లాడే మనిషిని, దీనికోసం బాత్రూంలో నల్లా తిప్పి ఏడుస్తున్నాను.

అక్టోబర్ 3

పిలవలేదు.

అక్టోబర్ 4, శుక్రవారం

మందులు తెచ్చి తలుపు తీశాను. ఆ చప్పుడుకు అమ్మ కళ్లు తెరిచింది. వచ్చినవా బిడ్డా, అంది.

మందుల కవర్ ఎక్కడ పెట్టానో కూడా తెలియదు. అప్పుడు అంది, సాయీ, అని.

సాయి కాదమ్మా, నేను మహేశ్వరిని, అని చెప్పొచ్చు. చెప్పలేదు. పక్కన కూర్చుని, వచ్చిన అమ్మమ్మా, అన్నాను.

ఎడమచెయ్యి పైకి లేచింది. నా వేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి. అమ్మ నా తల నిమిరింది. గేటు దాకా పొమ్మనలేదు.

అక్టోబర్ 5

పొద్దున అమ్మ పోయింది. సాయిప్రియ ఇంకా బస్సులనే ఉన్నది. ఫ్లెక్సీ మీద ఏం రాయాలక్కా అని ప్రహ్లాద్ అడిగిండు. మంచి టీచర్, మంచి అమ్మమ్మ అని రాయుమన్న. ఇంకేమన్నా అంటే, ఇంకేం లేదన్న.

గేటు దాంక పోయిన. మళ్ల లోపలికొచ్చిన. అమ్మా నేనొచ్చిన, అన్న. గట్టిగనే.