ఏడో నెలలో అడగాల్సిన మాట

కలిదిండి,
మంగళవారం

చెల్లీ ప్రసన్నా,

పొద్దున్నే దీపం పెట్టి, నీ పేరూ ఇందుజ పేరూ చెప్పుకుని ఇది రాస్తున్నాను. ఫోనులో అయితే నువ్వు ఏడుస్తావు, నేను సగంలో ఆపేస్తాను.

మా సబ్ సెంటరుకి వచ్చే ప్రతి గర్భిణినీ ఏడో నెలలో ఒంటరిగా కూర్చోబెట్టి అడుగుతాను. ముందు బిడ్డకి పాలు చాలాయా? థైరాయిడ్, షుగర్ ఉన్నాయా? రొమ్ముకి ఎప్పుడైనా ఆపరేషన్ అయిందా? తోడొచ్చిన అత్తగారిని బీపీ చూపించుకోమని లోపలి గదికి పంపి మరీ అడుగుతాను. అత్తగారి ముందు ఏ కోడలికీ ఏ జబ్బూ ఉండదు. ఇరవై ఏడేళ్లుగా నర్సు పని చేస్తున్న నేను, నీ కూతురు ఇందుజని మాత్రం సీమంతంలో గాజులు తొడుగుతూ అందరి ముందూ అడిగాను. "నాకేం లేవు పెద్దమ్మా" అంది. మన పిల్లే కదా అని నమ్మేశాను. తప్పు నాదే.

నిన్న తనే ఫోను చేసింది. డిగ్రీ చదివేటప్పుడు ఏలూరులో గడ్డ తీయించారట, చనుమొన పక్కనే. సంబంధం తప్పిపోతుందని ఎవరికీ చెప్పొద్దన్నావట. నిన్ను తప్పుపట్టను. కానీ అలా కోసిన వైపు పాలు తగ్గొచ్చు. ముందే తెలిస్తే కాన్పైన గంటలోనే బిడ్డని పట్టించి, బరువు చూసుకుంటూ, దగ్గరుండి సాయం చేస్తారు. తెలియకపోతే మూడో రోజుకే డబ్బా పాలు తెస్తారు.

నా సంగతి విను. నర్సు ట్రైనింగుకి వెళ్లాలని మా అబ్బాయి మణిదీప్‌కి పాలు మాన్పించానని మీరంతా అనుకున్నారు. కాదు. పెళ్లికి ముందు నాకు రొమ్ములో చీముగడ్డ కోశారు. పాలు చాలలేదు. పాలివ్వని గొడ్డు అనిపించుకోవడం కన్నా ఉద్యోగం పిచ్చిది అనిపించుకోవడమే నయమని ఊరుకున్నాను. నన్ను ముందుగా అడిగినవాళ్లు లేరు.

ఇందుజ ఆసుపత్రి కార్డులో ఈ సంగతి రాయించాను. భర్తకి తనే చెప్పింది. నీ వియ్యపురాలికి నేను చెబుతాను. నువ్వు కోప్పడినా సరే.

నీ పెద్దక్క,
వెంకటనరసమ్మ

కలిదిండి,
శుక్రవారం

అమ్మమ్మవైన ప్రసన్నకి,

పాప పదిహేనో రోజు బరువు నువ్వూ చూశావు. ఎడమవైపు నిండుగా, కుడివైపు కొంచెం. చాలుతోంది. కుడివైపు మానకుండా పట్టించమను.

నీ వియ్యపురాలు మీ ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ ముభావంగానే ఉందని దిగులు పడ్డావు. నిన్న మీ ఇంటి నుంచి వస్తూ తాడేపల్లిగూడెం బస్టాండులో ఇద్దరం ఆకివీడు బస్సు కోసం కూర్చున్నాం. ఆవిడే కదిపింది.

"మీ చెల్లెలు నన్ను చూస్తే పులిని చూసినట్టు నక్కుతుందేంటండీ వదినగారూ?"

"దాచినందుకు మీకు కోపమనుకుంటోందండీ."

"ఉందండీ. పెళ్లిచూపుల్లోనే చెబితే వద్దనేదాన్నేమో కూడా. ఇప్పుడేమంటాను, పిల్ల మాదైపోయింది."

కాసేపు చీర చెంగు మడతలు పెట్టింది.

"మా పెద్దాడప్పుడు నాకూ పాలు చాలలేదండీ. మా అత్తగారు గేదెపాలు అలవాటు చేశారు. ఆ తర్వాత వాడు నా దగ్గరికి వచ్చేవాడే కాదు. మా ఆయనక్కూడా చెప్పుకోలేదు. మీ చెల్లెలితో అందామని నాలుగు రోజులూ చూశాను. నోరు రాలేదు."

నేనూ నా సంగతి చెప్పాను.

బస్సు వచ్చి ఆగింది. కండక్టరు రెండుసార్లు పిలిచాడు. ఇద్దరం లేవలేదు.

నీ పెద్దక్క,
వెంకటనరసమ్మ