అన్నయ్య కొన్న వాదన

మండపేట,
ఆదివారం

అన్నయ్యకి,

చెల్లెలు మీనా రాసేది. పోయిన వారం మీ ఇంట్లో టిఫిను కూడా చేయకుండా బస్సెక్కేశానని వదిన బాధపడిందట. పంటి నొప్పి ఎక్కువైందని తనకి చెప్పాను. అది నిజం కాదు. ఫోన్లో చెబుదామని రెండుసార్లు ప్రయత్నించాను. నువ్వు "ఏమ్మా" అనగానే మాట మార్చి, అమ్మాయి చదువు గురించి ఏదో అడిగి పెట్టేశాను. కాగితం మధ్యలో అడ్డురాదు. అందుకే రాస్తున్నాను.

ఆ రోజు నా పన్ను చూపించుకుందామని వెళితే పళ్ల డాక్టరు రాలేదు. వదినా నేనూ తొందరగా తిరిగొచ్చి, పెరటి గుమ్మంలోంచి వంటింట్లోకి వచ్చాం. వదిన మేడ మీద ఆరేసిన బట్టలు తేవడానికి వెళ్లింది. హాల్లో నీ స్నేహితులు ఉన్నారు. ఆదివారం పూట మీరంతా కూర్చుని షేర్ల గురించి మాట్లాడుకుంటారని నాకు తెలుసు కాబట్టి పట్టించుకోకుండా కాఫీ కలుపుకుంటున్నాను. ఇంతలో 'వాదన క్యాపిటల్' అన్న పేరు వినపడింది. గ్లాసు గట్టు మీద పెట్టేసి విన్నాను.

ఆ పేరు మా ఇంట్లో ఎన్నిసార్లు తలుచుకున్నామో నీకు తెలుసు. ఆ ఏడాది రెండో పంట దాళ్వాకి మా ఊరి రైతులమంతా ఒకే కంపెనీ విత్తనం వేశాం. చేలు చూడ్డానికి పచ్చగా ఉన్నాయి, వెన్ను తీశాయి, కానీ గింజ పాలు పోసుకోలేదు. కోసి కుప్ప వేస్తే అంతా తాలే. కేసు వేద్దామంటే లాయర్లకి ఇచ్చే స్తోమత మాకు లేదు. అప్పుడే హైదరాబాదు నుంచి, కోర్టు కేసులకి పెట్టుబడి పెట్టే వాదన క్యాపిటల్ వాళ్లు వచ్చారు. కేసుకి ఖర్చంతా మేమే పెడతాం, ఓడిపోతే మీరు పైసా ఇవ్వక్కర్లేదు, గెలిస్తే వచ్చినదాంట్లో సగానికి కాస్త తక్కువ మాకివ్వండి, మధ్యలో రాజీ పడితే మా ఖర్చులూ దానిమీద కొంచెం ఇస్తే చాలు అన్నారు. మేం సంతోషంగానే సంతకాలు పెట్టాం. కింది కోర్టులో గెలిచాం కూడా. విత్తనాల కంపెనీ పైకోర్టుకి వెళ్లింది. తర్వాత వాళ్లే రాజీకి పిలిచారు.

వంటింట్లో నిలబడి నేను విన్నది ఇదీ. బుల్లిరాజు గారని పిలుస్తున్నారు, ఆయన గొంతు పెద్దది. ఇంక వాదన షేర్లు అమ్మేసుకుందాం అంటున్నాడు. "ఆకలేసినోడు ఎన్నాళ్లు ఆగుతాడండి? ఆ రైతులు రాజీకి సంతకం పెట్టేస్తే వాదన చేతికి వచ్చేది ఖర్చులే. షేరు సగానికి పడిపోద్ది" అన్నాడు. ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో రిటైరయిన శ్యాంబాబు గారు మెత్తగా మాట్లాడతారు. పైకోర్టులో కూడా గెలిస్తే వడ్డీతో సహా వస్తుందనీ, వాదన చేతిలో ఇంతకన్నా పెద్ద కేసు లేదనీ, అది గెలిస్తే షేరు ఎక్కడికో వెళుతుందనీ అన్నారు. తన పింఛను డబ్బులో చాలా భాగం దాంట్లోనే ఉందని, రైతులు ఆగుతారా లేదా అన్నదే తనకి నిద్ర పట్టనివ్వడం లేదనీ అన్నారు. చూడు అన్నయ్యా, మేం అన్నం తింటామా మానేస్తామా అన్నది వాళ్లకి ఒక లెక్క. అయినా వాళ్లమీద నాకు కోపం రాలేదు. వాళ్లు మమ్మల్ని ఎప్పుడూ చూడలేదు.

అప్పుడు నువ్వు మాట్లాడావు.

"మీరు బెంగ పెట్టుకోకండి శ్యాంబాబు గారూ. వాళ్లని నడిపించేది మా బావే. నేను ఆగమన్నంత కాలం ఆగుతాడు" అన్నావు.

అందరూ తేలిగ్గా నవ్వారు. అయితే ఇంకొన్ని కొంటానని శ్యాంబాబు గారు అన్నారు. నువ్వు కొనమన్నావు. నీ దగ్గర ఎన్ని ఉన్నాయో కూడా చెప్పావు. ఫ్యాన్లూ మోటార్ల కొత్త షోరూముకి దాచిన డబ్బంతా అందులోనే ఉందట కదా.

కార్తీక మాసంలో నువ్వు మా ఇంటికి వచ్చిన రోజు గుర్తు తెచ్చుకో. రాజీకి ఒప్పుకుందామని రైతులంతా మా వాకిట్లో కూర్చున్నారు. మీ బావగారు కూడా సరే అనేశారు. నువ్వు కుర్చీ వద్దని వాళ్ల పక్కనే చాప మీద కూర్చుని, వాళ్లిచ్చేది మీ కష్టానికి అవమానం, ఇంకొంచెం ఓపిక పట్టండి అని చెప్పావు. ఎంత బాగా చెప్పావంటే నేను గుమ్మంలో నిలబడి గర్వపడ్డాను. నీకు అందులో ఎకరం లేదు, కేసులో పేరు లేదు. అందుకే నీ మాట నమ్మారు. ఇందులో తనకంటూ ఏ లాభం లేని మనిషి, పట్నంలో వ్యాపారం చేసుకునే మనిషి చెబుతున్నాడని నమ్మారు.

ఆ రోజు ఒక్క వెంకటదుర్గే, మాకు ఓపిక లేదండి అంది. కౌలుకి చేసుకునే మనిషి. విత్తనానికీ ఎరువుకీ తెచ్చిన అప్పు ఆమె మెడకే ఉంది. అందరూ ఆగుదామంటే తనూ ఆగింది. సంక్రాంతి వెళ్లాక ఇళ్లల్లో పనికి కువైట్ వెళ్లిపోయింది. రెండేళ్ల ఒప్పందమట. ఏడో తరగతి చదివే కూతుర్ని అమ్మమ్మ దగ్గర వదిలింది. ఆ పిల్ల ఇప్పుడు మా వీధిలోంచే బడికి వెళుతుంది. అప్పుడే సంతకాలు అయ్యుంటే వాళ్లమ్మ ఇక్కడే ఉండేది. మీ ఇంటి నుంచి వచ్చిన దగ్గర్నుంచి ఆ పిల్ల కనపడితే నేను లోపలికి వెళ్లిపోతున్నాను.

నువ్వు లాభం చూసుకున్నావని కాదు నా బాధ. ఆ రోజు చాప మీద కూర్చున్నప్పుడు, నాకూ ఇందులో షేర్లున్నాయర్రా, అది తెలుసుకుని నా మాట వినండి అని ఒక్క ముక్క అని ఉంటే సరిపోయేది. అలా అంటే ఎవరూ వినరని నీకు తెలుసు.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. రేపటి సోమవారం కాక ఆ పై సోమవారం కాకినాడలో లాయరు గారి ఆఫీసులో రాజీ మీద సంతకాలు పెడుతున్నాం. విత్తనాల కంపెనీ మొదట అన్నదానికంటే కొంచెం పెంచింది. సంతకాలయ్యే దాకా ఈ మాట పొక్కకూడదని లాయరు గారు అందరి చేతా ప్రమాణం చేయించినంత పని చేశారు. నీకు రాస్తున్నట్టు మీ బావగారికి తెలీదు. నువ్వు ఇంకా అందులో డబ్బు పోస్తావేమో, ఒక్కసారిగా కుదేలైపోతావేమో అని భయమేసి రాస్తున్నాను. ఎంత కోపం వచ్చినా నువ్వు మునిగిపోతుంటే చూస్తూ ఊరుకోలేను. ఈ మాట నీలోనే ఉంచుకో. వీలైతే ఆ సోమవారం కాకినాడ వచ్చి, ఆ రోజు చెప్పనిది నీ నోటితో రైతులకి చెప్పు. అంతకన్నా నాకేమీ వద్దు.

నీ చెల్లెలు,
మీనాకుమారి


రాజమండ్రి,
బుధవారం

మీనాకి,

నీ ఉత్తరం చేరింది. చదువుతుంటే సిగ్గుతో తలెత్తుకోలేకపోయాను. షాపులో కుర్రాళ్లు చూస్తారని లోపల గోడౌనులోకి వెళ్లి ఫ్యాన్ల అట్టపెట్టెల మధ్య కూర్చుని మళ్లీ చదివాను. నువ్వు రాసినదాంట్లో అబద్ధం ఒక్కటి కూడా లేదు. నాకు షేర్లున్నాయి. చెప్పలేదు. కానీ మీనా, పైకోర్టులో మీరు గెలుస్తారని నేను నిజంగానే నమ్మాను. మీకూ మంచిదే, నాకూ మంచిదే అనుకున్నాను. రెండూ ఒకటేనని మనసుకి నచ్చజెప్పుకున్నాను. చిన్నప్పటి నుంచీ నన్ను చూస్తున్నావు, నేను చెడ్డవాణ్ని కానని నీకు తెలుసు.

నేను ఒక్క షేరు కూడా అమ్మను. పడిపోతే పడిపోనీ. అదే నాకు తగిన శిక్ష. షోరూము లేకపోతే బతకలేమా ఏంటి. సోమవారం తప్పకుండా కాకినాడ వస్తాను, అందరి ముందూ చెప్పి క్షమాపణ అడుగుతాను. బావకి మాత్రం నేను వచ్చేదాకా ఏమీ చెప్పకు. ఫోన్లో కూడా ఈ విషయం ఎత్తకు, ఎవరు వింటారో తెలీదు. నీ పన్ను అశ్రద్ధ చేయకు, ఈసారి మంచి డాక్టరుకి నేనే చూపిస్తాను.

మీ వదిన నిన్ను అడిగినట్టు రాయమంది.

ఎప్పటికీ నీ అన్నయ్య,
సత్యప్రసాద్


మండపేట,
శనివారం

సత్యప్రసాద్ గారికి,

నువ్వు కాకినాడ రాలేదు. సంతకాలు పెట్టేవాళ్లు మెట్లమీద నిలబడి ఉంటే నేను రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాను. ఎవరికోసం అని మీ బావగారు అడిగారు. ఎవరికోసమూ కాదన్నాను. షాపులో పని తగిలి ఉంటుందని, తర్వాత వచ్చి చెబుతావనీ సాయంత్రం దాకా నాకు నేనే చెప్పుకున్నాను. నీ ఉత్తరం దిండు కింద పెట్టుకుని పడుకున్న మనిషిని. అమ్మను అని రాశావు కదా, ఆ నష్టం మేం రాజీ పడటం వల్లే నీకు వచ్చిందని ఏడ్చాను కూడా.

నిన్న మధ్యాహ్నం శ్యాంబాబు గారు మా ఇంటికి వచ్చారు. అడ్రసు అడుక్కుంటూ ఎండలో నడిచి వచ్చారు. మొహం చూస్తే జబ్బు మనిషిలా ఉన్నారు. మీ బావగారు మంచం వాల్చి కూర్చోబెట్టారు. ఆయన గొడవ పెట్టుకోవడానికి రాలేదు. రాజీ పడినందుకు మమ్మల్ని ఒక్క మాట అనలేదు, మీ పంట పోయింది, మీ ఇష్టం అన్నారు. తర్వాత జరిగింది చెప్పారు.

నా ఉత్తరం నీకు మంగళవారం చేరి ఉంటుంది. ఆ రోజూ మర్నాడూ కలిపి నువ్వు షేర్లన్నీ అమ్మేశావట. మీ అందరికీ బ్రోకరు ఒక్కడే కాబట్టి అతనే తర్వాత ఆయనకి చెప్పాడట. అంటే నువ్వు నాకు 'ఒక్క షేరు కూడా అమ్మను' అని రాసిన బుధవారం నాడు కూడా అమ్ముతూనే ఉన్నావు. అమ్మడంతో ఊరుకోలేదు. కొనేవాళ్లు లేక ధర జారిపోతుందని భయపడ్డావేమో, ఆ బుధవారమే శ్యాంబాబు గారికి ఫోన్ చేసి, మా బావతో ఇప్పుడే మాట్లాడాను, రైతులు గట్టిగా ఉన్నారు, తగ్గినప్పుడే కొనుక్కోవాలి అని చెప్పావట. ఆయన మిగిలిన పింఛను డబ్బు కూడా అందులో పోశారు. సోమవారం మేం సంతకాలు పెట్టాం. మంగళవారం ఆ షేరు కొనేవాడు లేడు.

ఆయన మంచం మీద నుంచి నా వైపు చూసి, "అమ్మా, ఏమీ అనుకోకండి. రాజీ సంగతి మీ అన్నయ్య గారికి ముందే తెలుసాండి?" అని అడిగారు.

మీ బావగారు నాకంటే ముందే జవాబు చెప్పారు. మా ఇంట్లోంచి మాట బయటికి పోయే ప్రశ్నే లేదండి, అంతమంది రైతులు నన్ను నమ్మారు అన్నారు. ఎంత ధీమాగా అన్నారంటే నేను ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. శ్యాంబాబు గారు కూడా లేవబోయారు.

"నేను రాశానండి. ఉత్తరం రాశాను" అన్నాను.

మీ బావగారు నన్ను తిట్టలేదు. లేచి వెళ్లి ఆయనకి మంచినీళ్లు తెచ్చిచ్చారు, బస్టాండు దాకా మోటారు సైకిలు మీద దింపి వచ్చారు. రాత్రి అన్నం తినలేదు. ఈ ఉదయం ఒక్కరే రైతుల దగ్గరికి వెళ్లి, మాట పొక్కింది మా ఇంట్లోంచే, మీనా అన్నకి ఆ షేర్లు ఉండేవట, ఇంక రైతుల సంఘానికి పెద్దగా వేరేవాళ్లని పెట్టుకోండి అని చెప్పి వచ్చేశారు. వాళ్లకి దీనివల్ల నష్టమేమీ జరగలేదు. అయినా ఒకడు అన్నాడట, కార్తీకంలో ఆగమన్నది కూడా అందుకేనా అని. రెండేళ్లు తన సొంత పనులు మానుకుని కోర్టుల చుట్టూ తిరిగిన మనిషి, తల దించుకుని ఇంటికి వచ్చాడు.

పొద్దున్న వదిన ఫోన్ చేసి ఏడ్చింది. ఈ గొడవ ఇంతటితో ఆపమంది, షోరూముకి అడ్వాన్సు కూడా ఇచ్చేశారు, శ్యాంబాబు గారికి ఎంతో కొంత సర్దుతారు అంది. సర్దడానికి అదేమన్నా నీ షాపులో కాలిపోయిన మోటారా? నీ గొంతు వెనకాల వినపడుతూనే ఉంది. నువ్వు మాత్రం ఫోన్ తీసుకోలేదు.

నేను కార్తీకం నాటి నీ మాటల్ని క్షమించగలిగాను. ఆశ పడ్డావు అనుకున్నాను. కానీ ఈసారి నువ్వు నా భయాన్ని అమ్ముకున్నావు. నువ్వు మునిగిపోతావని నేను రాసిన మాటని తీసుకెళ్లి, నిన్ను నమ్మిన ముసలాయన చేత కొనిపించావు. అది చేసిన చేత్తోనే నా పన్ను గురించి రాశావు.

శ్యాంబాబు గారు షేర్ల వ్యాపారం మీద నిఘా ఉంచే సెబీకి ఫిర్యాదు పెడుతున్నారు. ముందుగా నీకు తెలుసని రుజువు చేయలేక ఆయన దిగులుపడ్డారు. నేను రాజమండ్రి ఆయన ఇంటికి వచ్చి సాక్ష్యం చెబుతానన్నాను. నీ జవాబు కూడా నా దగ్గరే ఉంది, ఇచ్చేస్తాను. దానివల్ల నాకూ ఇబ్బంది రావచ్చని శ్యాంబాబు గారే హెచ్చరించారు. రానివ్వండి అన్నాను.

ఇందాక ప్రయాణానికి సంచిలో చీర సర్దుకుంటుంటే మీ బావగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. నిన్నటి నుంచీ ఆయన నాతో మాట్లాడటం అదే మొదలు.

"ఒక్కదానివే ఎందుకు, నేనూ వస్తాను" అన్నారు.

సోమవారం పొద్దున్న బస్సుకి ఇద్దరం రాజమండ్రి వస్తున్నాం. మీ ఇంటికి కాదు.

మీనాకుమారి