పద్నాలుగు కట్టెలు

2 అక్టోబర్ 1997, గురువారం

గాంధీ జయంతి. ఫ్యాక్టరీ బంద్. గోల్ఫు గ్రౌండు బంద్ లేదు. గడ్డి తడి మీద ఉన్నది, బాలు ఉరకదని తెలిసి, నేను మోసే సాబ్ బ్యాగుల ఒక కట్టె తీసేసి ఇంకోటి ఏసిన. బద్రీనాథ్ సాబ్ ఏందిది బాలప్పా అన్నడు. ముందు ఆడుండ్రి, తర్వాత అడుగుండ్రి అన్న. ఆడిండు. తర్వాత అడగలే.

నా పెండ్లాం మొగులమ్మ నిన్న అడిగింది, అన్ని కట్టెలు మోసుడెందుకు, ఒక్క దానితోని కొట్టరాదా అని. చెప్పిన. దూరం కొట్టే కట్టె వేరే, దగ్గరకు వేరే, ఇసుక గుంతల పడ్డ బాలును లేపనీకి వేరే. తక్కువ దెబ్బలకు గుంతల ఏసినోడు గెలిచినట్టు. బ్యాగుల పద్నాలుగు కట్టెలే ఉండాలె. ఒక్కటి ఎక్కువున్నా దండుగ కింద దెబ్బలు కలుపుతరు. సాబ్ బీరువాల ఇరవై దాటి ఉన్నయి. అండ్ల పద్నాలుగు ఏరేది నేను. గాలి చూస్త, గడ్డి చూస్త, సాబ్ మొఖం చూస్త. ఇంట్ల పెండ్లాంతోని కొట్లాడి వచ్చిన నాడు దూరం కొట్టే పెద్ద కట్టె, డ్రైవరు, ఇయ్యనే ఇయ్య. ఇస్తే బాలు కుంటల పడ్తది.

ఆమె నవ్వింది. నువ్వు నాతోని కొట్లాడిన నాడు ఏం తీసేస్తవు అన్నది.

రాత్రి బడిల నేర్సిన రాత నాది. తప్పులుంటే ఉండనీ. రాసేది నేనే, సదివేది నేనే.

4 అక్టోబర్, శనివారం

సాబ్ ఆఫీసుకు పిలిచి కుర్సీ చూపిచ్చి కూసోమన్నడు. ఇన్నేండ్లల్ల ఎన్నడు కూసోమనలే. నిలబడే ఉన్న.

దసరా తెల్లారి బొంబాయి పెద్ద సాబ్ వస్తడట. కంపెనీ ఆయనదే. బద్రీనాథ్ సాబ్ ఇక్కడ వర్క్స్ మేనేజరే గాని పెద్ద సాబ్ సంతకం లేంది ఒక్క బల్బు మారదు. పోయినేడు ఆటల మా సాబ్ గెలిచిండు. పెద్ద సాబ్ అన్నం ముట్టకుంట కారెక్కి పోయిండు, అడిగిన పనులు ఒక్కటి గాలే. ఈసారి ఆయనే గెలవాలె.

అయితే ఓడిపోండ్రి, మధ్యల నేనెందుకు అన్న.

కావాలని ఓడితే ఆయనకు తెలుస్తది బాలప్పా, పోరన్ని ఆడిచ్చినట్టు ఆడిచ్చిండ్రని ఇంక మండుతడు అన్నడు. చేతిల మంచి కట్టె ఉంటే నన్ను నేను ఆపుకోలేను, అది నువ్వే లేకుంట చెయ్యి అన్నడు. ఏడో నంబరు, ఇసుక కట్టె. ఆ రెండు తీసి బీరువాల మూలకున్న తుప్పువి రెండు ఎయ్యాలెనట. చూసేటోనికి పద్నాలుగు పద్నాలుగే కనపడాలెనట.

నేను దర్వాజా దిక్కు తిరిగిన. అప్పుడు అన్నడు, నర్సింహ నాకు యాదున్నడు అని.

నర్సింహ నా కొడుకు. అదే ఫ్యాక్టరీల బాయిలర్ కాడ కాంట్రాక్టు కింద చేస్తడు. దీపావళికి కాంట్రాక్టరు మారుతడు, పాతోళ్లందరిని తీసేస్తరు. పెద్ద సాబ్ ఖుషీగ పోతే నలుగురిని పర్మనెంటు చేపిస్త, మొదలు నీ కొడుకునే అన్నడు సాబ్.

ఆలోచిస్త అని వచ్చిన. ఆలోచించేదేముంది. దర్వాజా ఎటు నుంచి పెట్టిండో అటు నుంచే గొళ్లెం ఏసిండు.

5 అక్టోబర్

రాయబుద్ధి కాలే.

7 అక్టోబర్, మంగళవారం

నర్సింహ ఇస్నాపూర్ నుంచి వచ్చిండు, కోడలు సుమిత్రను బతుకమ్మకు దింపనీకి. దానికి ఏడో నెల. అక్కడ కిరాయి రూములు ఫ్యాక్టరీ పొగ నడుమనే ఉన్నయి. పిల్ల మొఖం పాలిపోయింది.

వాడు అన్నం తినుకుంట దీపావళి తర్వాత సూరత్ పోతనన్నడు. వాని దోస్తు ఎవడో అక్కడున్నడట. సుమిత్ర తలకాయ వంచుకొని మజ్జిగ పోసింది.

నేను అడ్డం మాట ఏసిన. సాబ్ మనసు పెడితే ఇక్కడనే కావొచ్చు గద బిడ్డా అన్న.

వాడు చెయ్యి ఆపిండు. నా పని చూసి ఇస్తే తీసుకుంట. నీ భుజం చూసి ఇస్తే ఆ నౌకరి నాకొద్దు బాపూ అన్నడు. సిఫారసుతోని వచ్చిందని ఎన్నడు తెలిసినా, గేటు కాడ పాస్ మొఖాన కొట్టి వస్త అన్నడు. అన్నంత పని చేస్తడు. రెండేండ్ల కింద వాచ్‌మెన్ పని గట్లనే ఇడిసిపెట్టిండు.

మొగులమ్మ గంటె ఊపింది. ఒక్క తుమ్మకు రెండు ముండ్లు, నడుమ నా చెయ్యి అన్నది.

నాకు కోపం రావాలె. రాలే. వాని వయసుల నేను గూడ గదే మాట అందును. ఇప్పుడు అనలేకనే కూసున్న.

9 అక్టోబర్

బీరువా తీసిన. చెడ్డయి ఏరుడు గూడ పనే. మరీ వంగింది ఏస్తే పెద్ద సాబ్ కనిపెడ్తడు. పిడి జారేది ఏస్తే మా సాబ్ మణికట్టు పోతది. గంట సేపు చూసి రెండు పక్కకు పెట్టిన. ఇంత బుద్ధిగ మంచియి గూడ ఎన్నడు ఏరలే.

నా చేత్తోని అన్నంల రాళ్లు కలిపినట్టున్నది.

11 అక్టోబర్, శనివారం. దసరా

ఏటేటా దసరాకు బ్యాగు ఇంటికి తెస్త. సాబ్ ఏమనడు. నాగలి ఉన్ననాడు నాగలికి చేసినం, ఇప్పుడు నా పనిముట్టు ఇదే. మొగులమ్మ అలికి ముగ్గేసింది. గోనె పట్టా పరిచి పద్నాలుగు కట్టెలు వరుసగ పెట్టిన, తుప్పువి రెండు గూడ పెట్టిన. ఈ ముసలియి ఎందుకు వచ్చినయి అన్నది. సాబ్ ఖాయిష్ అన్న. పదహారింటికి పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టింది. నిమ్మకాయ కోసింది, కొబ్బరికాయ కొట్టింది.

మా ఇంట్ల ఒక పట్టు ఉన్నది. దసరాకు పూజల కూసున్న పనిముట్టు తెల్లారి పనికి పోవాలె. ఇంట్ల పండుకుంటే అలుగుతది అంటరు. మా నాయిన ఇరిగిన గొర్రును గూడ భుజాన ఏసుకొని చెల్క దాక పోయి మొక్కి మళ్ల తెచ్చేటోడు. ఊరోళ్లు నవ్వేది.

జమ్మికి పోయి వచ్చినంక ఏడో నంబరును, ఇసుక కట్టెను తీసి బియ్యం డబ్బా ఎనక పెట్టిన. తుప్పువి ఏసిన. లెక్క చూసిన, పద్నాలుగు. బ్యాగు టోపీ మూసి తాడు కట్టిన. ముడి మీద ముడి ఏసిన.

12 అక్టోబర్, పొద్దున

సాబ్ పంపే జీపు రాలే ఇంక. బ్యాగు బరువు అనిపిచ్చింది. చేసే పని బరువు కావొచ్చు.

12 అక్టోబర్, సాయంత్రం



పెద్ద సాబ్ వచ్చిండు, గుండ్రటి మనిషి, నడుం నొప్పి. ఆయన బ్యాగు సంగప్ప మోసిండు. సంగప్ప గూడ నా తీరు క్యాడీనే, నా భుజం మీది బ్యాగు మీద ఎప్పటి నుంచో వాని కన్ను. పెద్ద సాబ్ మొదటి బాలే కుంటల కొట్టిండు. రెండోది చెట్లల్లకు. నడుం పట్టుకొని తిట్టుకుంట నడుస్తుండు. మా సాబ్ ఆ తుప్పు కట్టెలతోని గూడ మంచిగనే కొడుతుండు. ఏం చెయ్యాలె. నేను బ్యాగులకు చూస్తలేను. చూడబుద్ధి కాలే. టోపీ సందుల చెయ్యి పెట్టి తడుముకుంటనే ఇచ్చిన. సాబ్ నా దిక్కు చూస్తడు, నేను చెట్ల దిక్కు చూస్త. మూడు దెబ్బలు ముందటికి వచ్చిండు సాబ్. చెమటలు కారుతున్నయి ఆయనకు, గెలుస్తున్నందుకు.

ఆఖరుకు రెండు గుంతలు ఉన్నయనంగ సాబ్ బాలు ఇసుకల పడ్డది. హమ్మయ్య అనుకున్న, ఇగ ఇసుకల నుంచి ఎట్ల లేపుతడు. ఏదన్న ఇయ్యి బాలప్పా అన్నడు. నా చెయ్యి అలవాటు కొద్ది ఆ మూలకే పోయింది. ఇసుక కట్టె చేతికి వచ్చింది.

నిజంగ వచ్చింది. పసుపు అట్లనే ఉన్నది దానికి.

సాబ్ చూసిండు. నేను చూసిన. అది మళ్ల లోపట దాచేద్దమనుకునే లోపల, నా తడుముడు చూసి సంగప్ప టోపీ గుంజిండు. వానికి దొరకక దొరికింది. కట్టె కట్టె బయటికి తీసుకుంట గట్టిగ లెక్కపెట్టిండు, బస్టాండుల సీట్లు లెక్కపెట్టినట్టు. పదహారు. అయ్యో పెద్దమనిషీ, పద్నాలుగు తర్వాత ఏమొస్తదో మర్సిపోయినవా అన్నడు. అందరు నవ్విండ్రు. పెద్ద సాబ్ నడుం నొప్పి మరిచి నవ్విండు. ఆయన ఎంట వచ్చిన దోస్తు రూలు చెప్పిండు, మా సాబ్‌కు నాలుగు దెబ్బలు దండుగ. ఆఖరుకు ఒక్క దెబ్బతోని పెద్ద సాబ్ గెలిచిండు. నా భుజం తట్టి, బుడ్ఢా థక్ గయా, ముసలోడు అలిసిపోయిండు అన్నడు. అందరితోని కలిసి కోడికూర తిన్నడు.

నేను తినలే.

ఇంటికి వచ్చి మొగులమ్మను అడిగిన. దాచలేదు. పొద్దున బియ్యానికి పోతే డబ్బా ఎనక కనపడ్డయట. పూజ చేసినయి ఇంట్ల పండబెట్టి పోతవా, నీకు తెల్వదా, కోడలు నెలలు నిండుతున్న ఇల్లు ఇది అన్నది. నేను తానానికి పోయినప్పుడు ముడి ఇప్పి, ఏసి, మళ్ల నా తీరుగనే ముడేసిందట. నలభై ఏండ్లు నా ముడులు చూసిన మనిషి.



13 అక్టోబర్

సాబ్ పిలిచి తలుపు ఏసిండు. ఖుషీల ఎగిరి దుంకుతుండు. నాకే తట్టలే బాలప్పా, మస్తు దిమాగు నీది, రెండు ఎక్కువ పెట్టి ఓడగొట్టినవు, ఎవనికి అనుమానం రాలే అన్నడు. పెద్ద సాబ్ నలుగురికి సంతకం పెట్టిండట.

కాదు సాబ్ అందామనుకున్న. నా పెండ్లాం దసరా పట్టు కోసం ఏసింది అంటే, ఆ మాట మనిషి మనిషికి పోయి నర్సింహ కాడ ఆగుతది. మంచియి ఎందుకు తీసినవు బాపూ అని అడుగుతడు.

తెలివి చేసిన అంటే దొంగను. చెయ్యలే అంటే లెక్క రానోన్ని. రెండు కానోనికి ఈ మూడూర్లల్ల జాగ లేదు.

19 అక్టోబర్, ఆదివారం

గ్రౌండుకు పోయిన. సాబ్ బ్యాగు సంగప్ప భుజాన ఉన్నది. సాబ్ పక్కకు వచ్చి, నలుగురు చూస్తరు గద బాలప్పా, కొన్ని దినాలు ఓపిక పట్టు అన్నడు.

సంగప్ప ఏడో నంబరు ఇయ్యాల్సిన కాడ ఆరో నంబరు ఇచ్చిండు. బాలు గోడ అవతల పడ్డది. నేను చెట్టు కింద కూసున్న. ఏడో నంబరు అనబోయి మింగిన.

కొత్తగ వచ్చిన క్యాడీలు నేను ఎదురైతే ఏళ్లు ముడుస్తున్నరు. పన్నెండు, పదమూడు, పద్నాలుగు అని.

30 అక్టోబర్. దీపావళి

నర్సింహ వచ్చిండు. చేతిల కాగితం, డబ్బాల లడ్డూలు. పర్మనెంటు. బాయిలర్ ఫోర్‌మెన్ నా పని మంచిగున్నదని రాసిండట బాపూ, ఎవని సిఫారసు లేదు అన్నడు. ఛాతి ఇంత చేసి అన్నడు. సుమిత్ర మొఖం నిండిపోయింది. మొగులమ్మ ఆ కాగితాన్ని కండ్లకు అద్దుకున్నది.

లడ్డూ తినుకుంట వాడు మెల్లగ అడిగిండు. గ్రౌండు కాడ అందరు అంటున్నరు, లెక్క తప్పినవట, నిజమేనా అన్నడు.

మొగులమ్మ పొయ్యి కాడ నుంచి తిరిగి చూసింది. ఆమె నోరు తెరవకముందే అన్న, నిజమే బిడ్డా, వయసైంది, యాది ఉంటలేదు.

వాడు నా చెయ్యి పట్టుకున్నడు. సంగారెడ్డిల డాక్టరుకు చూపిస్త, నువ్వు ఇగ పనికి పోవద్దు, ఇంట్లనే ఉండు అన్నడు.

నా ఛాతి గూడ ఒకప్పుడు గట్లనే ఉండే.

16 నవంబర్

సెలవున్నప్పుడల్ల నర్సింహ వచ్చి నా ముందర చింతగింజలు పోస్తడు. లెక్కపెట్టు బాపూ, తలకాయకు మంచిదని డాక్టరు చెప్పిండు అంటడు. పిల్లగానికి చెప్పినట్టు నాతోని ఒకటి, రెండు అంటడు.

ఇయ్యాల పదమూడు దాక చెప్పిన. వాని కండ్లు మెరిసినయి.

తర్వాత పదహారు అన్న.