ఏ అక్షరం దాటని నా ఇంగ్లీషు

అరకు

అప్పకి తమ్ముడు రామ్మూర్తి నమస్కారాలు.

నేనిక్కడ బాగానే ఉన్నాను. మీరంతా అక్కడ బాగున్నారని తలుస్తాను. పిల్లల దగ్గు తగ్గిందా? బావగారి మోకాలి నొప్పి ఎలా ఉంది? నాకు చలిజ్వరం మళ్ళీ రాలేదు. క్వినైను మానలేదు, బెంగపెట్టుకోకు. ఇక్కడ పొద్దెక్కేదాకా మంచు విడవదు. చోడి అంబలి అలవాటైపోయింది. ఎండుచేపలు మాత్రం దొరకవు. శృంగవరపుకోట నుంచి కొండెక్కే ఉప్పు వర్తకుల చేత ఒక పొట్లం పంపు.

బావగారిచ్చిన ఇంగ్లీషు నిఘంటువు రోజుకు పది మాటల చొప్పున బట్టీ పడుతున్నాను. వానలు వెలిశాక దొరగారు నా ఇంగ్లీషు పరీక్షిస్తానన్నారు. నచ్చితేనే ఈ అడవి కచేరీలో రైటరు పని ఖాయం, లేకపోతే మూట కట్టుకోవడమే. మొదటి పుట నుంచి మొదలెట్టాను కనక ఇంకా 'ఏ' అక్షరం దాటలేదు. అబేట్, అబ్‌హార్, అడ్జేసెంట్, ఇలా సాగుతోంది. బావగారు నవ్వుతారు, నవ్వనీ.

ఈ చదువు వల్ల ఒక తప్పు చేశాను అప్పా. నీకు చెప్పుకోకపోతే మనసు ఊరుకోదు.

పోయిన నెల దొరగారు నన్ను కొండల జాబితా రాసుకు రమ్మన్నారు. ఏ కొండ మీద ఎవరు పోడు కొట్టి పండిస్తున్నారు, ఏది ఖాళీ అని. గాసన్న అనే కొండదొర తెగ ముసలాయన దగ్గరుండి తిప్పాడు. నాకు జ్వరమొచ్చినప్పుడు గంజి కాచి పోసింది ఈయన ఇంట్లోవాళ్ళే, ఇదివరకు రాశాను కదా. పొదలు కమ్మేసిన ఒక కొండ చూపించి అన్నాడు, "దీన్ని పడుకోబెట్టినాం బాబూ. మూడేళ్ళు పండి అలిసిపోనాది. నా మనవలు పెద్దోళ్ళయినాక మళ్ళీ లేపుతారు."

అర్థం కాలేదని అబద్ధమాడను, పూర్తిగా అర్థమైంది. కానీ ఆ ఉదయమే మొదటి పుట మరోసారి వల్లించి వెళ్ళాను. చేతులు ఊరుకోలేదు. ఆ కొండ పేరు ఎదురుగా 'అబాండన్డ్' అని గుండ్రంగా రాశాను. ఇక తిరిగి చూడకుండా వదిలేసింది అని దానర్థం. దొరగారు ఆ మాట చూసి మెచ్చుకున్నారు. నేను పొంగిపోయాను.

వారం తిరక్కుండా ఆ కొండని సర్కారు అడవిలో కలపమని కాగితం తయారైంది. వదిలేసిన కొండ కదా, ఎవరు అడ్డం చెబుతారు? ఒకసారి కలిస్తే వాళ్ళు అక్కడ కట్టె కూడా కొట్టకూడదు. ఆ కాగితానికి నకలు తీయమని నాకే ఇచ్చారు. సగం రాసి కలం కింద పెట్టేశాను. రెండు రోజులు ఆ కాగితం ముట్టుకోలేదు. నిజం చెబితే పని పోతుందని భయం, చెప్పకపోతే ఆ మనవల కొండ పోతుంది.

చివరికి అర్జీ రాశాను. పెద్ద మాటల జోలికి పోలేదు. వాళ్ళు మళ్ళీ వస్తారు, కొండ వాళ్ళది, ఆ సంగతి తెలిసీ తప్పు రాసింది నేను అని బడిలో నేర్చుకున్న మాటలతోనే రాసిచ్చాను. దొరగారు రెండుసార్లు చదివి, ఇది చిన్నపిల్లల ఇంగ్లీషు అన్నారు. తరవాత కాగితంలో ఆ కొండ పేరు కొట్టేశారు. నా పరీక్ష కూడా వచ్చే ఏటికి తోసేశారు. అందాకా సెలవు అడిగే మొహం లేదు. పని మాత్రం ఉంది.

జరిగిందంతా గాసన్నకి చెప్పాను. "ఏటి రాసినావు?" అని ఆ మాట నా చేత పలికించుకుని, వదిలేసింది, ఒగ్గేసింది అని అర్థం చెప్పించుకున్నాడు. కోప్పడతాడనుకున్నాను.

"కొండని అలగ ఎవుడొగ్గేత్తాడు బాబూ?" అన్నాడంతే.

బావగారికి నమస్కారాలు. నిఘంటువు చదవడం మానలేదని చెప్పు. పిల్లలకు ముద్దులు. దూరాన్నుంచే నన్ను దీవించు.

నేను మిమ్మల్ని ఒగ్గేసి కొండలెక్కేశానని పైడమ్మత్త అంటోందని కిందటి ఉత్తరంలో రాయించావు. ఆ మాట అనొద్దని చెప్పు. నా పీటా, కంచం మాత్రం ఎవరికీ ఇవ్వకు అప్పా. తీసి అటక మీద పెట్టు, వస్తాను.

ఇట్లు
నీ తమ్ముడు
రామ్మూర్తి