పొంగని డబ్బా

గురజాల,
14-5-86

ఓడ మీద తిరిగే మా బావమరిది మస్తాన్రావుకి,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నువ్వు తెచ్చిచ్చిన, నీళ్ళు కలిపి ఇంట్లోనే పులియబెట్టుకునే బీరు పాకం డబ్బాల్లో నాది పొంగనే లేదురా. మన ఎండకు, డబ్బాతో వచ్చిన పొట్లంలో ఈస్టు, అదే ఆ పులిసే పొడి, చచ్చినట్టుంది. నా తోడల్లుడు లింగయ్యది మాత్రం నురగలు కక్కింది. మీ నాన్న లింగయ్య ఇంట్లో రెండో గ్లాసు అడిగి మరీ తాగి, "చానా బాగుందల్లుడా" అన్నాడట. పదేళ్ళలో నాతో ఒక్కసారి ఆ మాట అన్నాడా?

లింగయ్య పొట్లం పారేసి, పులియడానికి తాటికల్లు కుండ అడుగున మిగిలే మడ్డి కలిపాడట. ఈసారి దానికంటే గట్టి ఈస్టు చూసి తీసుకురా. వాడికి తేవద్దు.

వాడికా మడ్డి సంగతి చెప్పింది నా ఇంట్లో ఉన్న మీ పెద్దక్కే. ఎందుకు చెప్పావే అని అరిచాను.

"ముందు మీకే చెప్పా. నీకేం తెలుసు, నోర్ముయ్ అన్నారుగా" అంది.

మీ పెద్దబావ